రెండుంపావుకు వచ్చినట్టు రాసి ఉన్న మనిషి

ముందుగా నాకు జరిగిన అన్యాయాల పట్టిక ఇస్తున్నాను. ఇవి జ్ఞాపకం మీద రాసినవి కావు. ఏ రోజుది ఆ రోజే నోటుపుస్తకంలో రాసుకుని, కింద సంతకం పెట్టుకున్నవి.

జూన్ రెండో సోమవారం. రేవులోని తెప్పల సంఘం కార్యాలయానికి వెళ్ళి, నేనే తయారుచేసి ఇచ్చిన కంప్యూటరు రిజిస్టరులో ఒక్క పేజీ ముద్రించి ఇమ్మని అడిగాను. రేపు రమ్మన్నారు.

మరునాడు, మంగళవారం. ఉదయం పదకొండుకు వెళ్ళాను. తలుపుకు తాళం వేసి ఉంది. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

జూన్ చివరి గురువారం. సంఘం సర్వరులోకి నా ప్రవేశాన్ని రద్దు చేశారు. ఆ సర్వరును ఒక్కో మర బిగించి నిలబెట్టింది నేను.

జూలై రెండో బుధవారం. రేవులోని కెమెరా తీగ తెగింది. ఎలుకలు కొరికాయన్నారు. తెగిన చోటు నేను చూశాను. ఏ ఎలుకా అంత తిన్నగా కొరకదు.

జూలై మూడో శనివారం. ఇద్దరు మనుషులు సీతమ్మధారలోని మా ఇంటికి వచ్చి, సంఘం సమాచారం ఉన్న కంప్యూటరు పెట్టెను అప్పగించమన్నారు. కాఫీ ఇచ్చాను. పెట్టె ఇవ్వలేదు.

జూలై చివరి ఆదివారం. సర్వసభ్య సమావేశంలో మాట్లాడడానికి నేను లేచి నిలబడితే, కార్యదర్శిగారు మైకు తన వైపు తిప్పుకొని, "మేడంగారికి వయసైపోనాది. కంప్యూటర్లో దెయ్యాలు కనపడతన్నాయంట" అన్నారు. అందరూ నవ్వారు. ఒక్క మనిషి నవ్వలేదు.

ఆగస్టు మొదటి సోమవారం. రిజిస్టర్డ్ ఉత్తరం పంపాను. అందుకున్నట్టు సంతకం తిరిగి వచ్చింది. జవాబు రాలేదు.

ఇవి నాకు జరిగినవి. అసలు అన్యాయం జరిగింది నవ్వని ఆ మనిషికి. ఆమె పేరు పోలమ్మ. మే నెల చివరి శుక్రవారం వేకువన ఆమె భర్త ఎర్రయ్య ఒంటరిగా తెప్ప మీద వేటకు వెళ్ళాడు. ఇంతవరకూ ఇల్లు చేరలేదు. కానీ సంఘం రిజిస్టరు అతను ఆ రోజే మధ్యాహ్నం రెండుంపావుకు ఒడ్డుకు తిరిగి వచ్చాడని చెబుతోంది. ఆ మాట అక్కడ ఉన్నంతకాలం ఎర్రయ్య పారిపోయినవాడు, పోలమ్మ మొగుడు వదిలేసిన మనిషి. ఆ రిజిస్టరు ఆ మాట ఎలా చెప్పగలిగిందో, అందులో నా పాపం ఎంతో, ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవారి కోసం వరసగా రాస్తున్నాను.

పని అంటే ఏమిటి

ఓడరేవు రోడ్డులో ఒక సరకు రవాణా సంస్థ కంప్యూటరు గదిలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. పదోన్నతులు, బదిలీలు, సన్మానాలు ఎవరికీ పనికిరావు కాబట్టి రాయను. మీ పని యంత్రాలను నడపడమని చేరిన రోజున మీకు చెబుతారు. యంత్రాలు వాటంతట అవే నడుస్తాయి. అవి చెబుతున్నది నిజమేనా అని పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి అనుమానించడం మన పని. అనుమానించడం చేతకానివారు ఈ గదిలోకి రాకపోవడం మంచిది.

నాకు దీన్ని నేర్పినవారు మూర్తిగారు, నా మొదటి అధికారి. రోజూ సాయంత్రం ఆనాటి వివరాలన్నిటికీ టేపు మీద నకలు తీసి, పుస్తకంలో "సరిగా జరిగింది" అని రాసి సంతకం పెట్టడం నా విధి. ఐదు నెలలు రాశాను. ఒకనాడు డిస్కు పాడైంది. నిన్నటి టేపు పెట్టి చూస్తే ఖాళీ. మొన్నటిదీ ఖాళీ. టేపు యంత్రంలో రాసే భాగం మాసిపోయి, ఐదు నెలలుగా ఏమీ రాయకుండానే చక్రాలు తిప్పుతూ పోయింది.

మూర్తిగారు కేకలు వేయలేదు. గదిలో ఉన్న పదకొండుమందినీ కూర్చోబెట్టి, నా పుస్తకం నా చేతికిచ్చారు.

"చదవండి."

"ఏ పేజీ సార్?"

"మొదటి పేజీ నుంచి. తేదీలతో సహా."

చదివాను. తేదీ, సరిగా జరిగింది. తేదీ, సరిగా జరిగింది. మధ్యలో మంచినీళ్ళు తెప్పించి ఇచ్చారు, మళ్ళీ చదివించారు. ఆఖరి పేజీ అయ్యాక ఒక్కటే అన్నారు: "దస్తూరి చాలా బాగుందమ్మా."

ఆయన తరవాత వచ్చిన అధికారి పేరు రాయను. ఏ వాదనైనా "కంప్యూటరు చెప్పింది కదా" అని ముగించడం ఆయన అలవాటు. అలాంటివారు మీకూ తగులుతారు. వారికి యంత్రం మీద నమ్మకం ఉందనుకోకండి. ఎదురుగా ఉన్న మనిషి మాట వినే ఓపిక లేక యంత్రాన్ని అడ్డం పెట్టుకుంటారు, అంతే.

చవగ్గా ఒక పెట్టె

పదవీ విరమణ తరవాత ఇంట్లో ఒక సర్వరు కట్టుకున్నాను. కొత్తది కొనలేదు. కంచరపాలెంలో రైలు గేటు దగ్గర ఆఫీసుల పాత కంప్యూటర్లు అమ్మే దుకాణం ఉంది. అక్కడ వెడల్పాటి ఇనుప పెట్టె ఉన్న పాత యంత్రాన్ని ఎంచుకున్నాను. దుకాణదారు నన్ను ఎగాదిగా చూసి, "మామ్మగారూ, గేములాడతారేటి? రంగు లైట్లది సూపించనా?" అన్నాడు. లైట్లు వద్దు, లోపల నాలుగు డిస్కులు పట్టే చోటు, మెమరీ పెంచుకునే వీలు చూపించమన్నాను. ఆ తరవాత అతను నన్ను మేడం అన్నాడు.

మీరు కట్టుకుంటే ఇది గుర్తుంచుకోండి. ప్రాసెసరు పాతదైనా ఫరవాలేదు, మెమరీ మాత్రం దండిగా ఉండాలి. డిస్కులు కొత్తవే కొనండి, రెండింటినీ రెండు దుకాణాల్లో కొనండి. ఒకే పెట్టెలోంచి వచ్చిన కవలలు ఒకే వారంలో పోవడం నేను చూశాను. ఒకదాని మీద రాసింది రెండోదాని మీద కూడా పడేటట్టు అమర్చండి. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి. ఈ ఊరి గాలిలో ఉప్పు ఉంది, ఓడరేవు వైపు నుంచి వచ్చే నల్లటి ధూళి ఉంది. రెండూ కలిసి ఫ్యాను రెక్కల మీద కాటుకలా పేరుకుంటాయి. గాలి వచ్చే చోట పలచటి గుడ్డ కట్టి నెలకోసారి ఉతకండి.

సాఫ్టువేరు ఉచితంగా దొరుకుతుంది. దాని పని ఒక మేడను వాటాలు చేసి అద్దెకివ్వడం లాంటిది. గోడలు, కరెంటు మీటరు ఒక్కటే. లోపల ప్రతి వాటాకూ దాని తలుపు, దాని తాళం, దాని గడియారం ఉంటాయి. ఆ వాటాల్నే వర్చువల్ మెషీన్లంటారు. లోపల ఉన్నదానికి తాను ఒక వాటా అని తెలియదు, తానే ఇల్లనుకుంటుంది. వీటన్నిటికీ ఉమ్మడిగా ఒక సామాన్ల గది ఉంటుంది. ఫైళ్ళు, ఫొటోలు అందులో దాస్తారు. వాటాను కూల్చి మళ్ళీ కట్టినా, సామాన్ల గదిలో ఉన్నది అలాగే ఉంటుంది. ఈ చివరి మాట దయచేసి మరచిపోవద్దు.

నా పెట్టె సంగతి విని తెప్పల సంఘంవారు తమకూ ఒకటి కట్టిపెట్టమన్నారు. కట్టాను. రోజూ మధ్యాహ్నం పన్నెండు గంటలకు వారి రిజిస్టరుకు ఒక పూర్తి నకలు ఇంటర్నెట్టు మీద మా ఇంటి పెట్టెలోకి వచ్చి చేరేలా ఏర్పాటు చేశాను. సముద్రపు ఒడ్డున ఉన్న యంత్రానికి ఊళ్ళో ఒక నకలు ఉండటం క్షేమమని నా ఆలోచన. సంఘం తీర్మానం చేసి ఒప్పుకుంది. తీర్మానం ప్రతి నా దగ్గర ఉంది.

పెన్సిలు

ఆ రేవులో ఎవరు వేటకు వెళ్ళారో, ఎవరు తిరిగొచ్చారో రాసేవాడు తాతారావు. సంఘం గుమాస్తా. అతని తండ్రి కూడా అదే కుర్చీలో కూర్చుని అదే పని చేశాడు. కంప్యూటరులోకి ఎక్కించే ముందు పద్ధతి తెలుసుకుందామని వారం రోజులు అతని పక్కన కూర్చున్నాను. ఒక విషయం నాకు మింగుడుపడలేదు. తెప్ప ఇంకా ఇసక మీదే ఉండగా, వెళ్ళినట్టు సిరాతో రాసి, ఆ పక్క గడిలో తిరిగి వచ్చిన వేళ కూడా రాసేస్తున్నాడు.

"అదేమిటి తాతారావూ, వెళ్ళనైనా వెళ్ళలేదు, వచ్చాడని ఎలా రాస్తావు?"

"ఎల్లినోడి పక్కన గడి కాళీగా ఒగ్గీకూడదమ్మా. మా అయ్య కూడా ఒగ్గీలేదు."

"అది తప్పుడు లెక్క కదా?"

"పెన్సిల్తో కదేటి రాత్తన్నాను! ఆడొచ్చాక పెన్నుతో దిద్దుతాను. మీ ఇంటికాడ మాత్రం ఎవురైనా గడప దాటేటప్పుడు ఎల్తానని ఊరుకుంటారేటి? ఎల్లొస్తాననే కదా అంటారు. ఇదీ అంతే. ఇది రాతలో అనడం."

నేను నవ్వాను. పాత పుస్తకాలు తిరగేశాను. పేజీల నిండా పెన్సిలు రాత మీద సిరా రాత. మూడు చోట్ల మాత్రం సిరా లేదు. పెన్సిలు ఒక్కటే ఉంది. కాగితం పసుపెక్కినా ఆ రాతను ఎవరూ చెరపలేదు, ఎవరూ దిద్దలేదు.

"ఇవేమిటి?"

తాతారావు పుస్తకం నా చేతుల్లోంచి మెల్లగా తీసుకుని మూశాడు. "ఆల్లు ఇంకా రాలేదమ్మా."

అతని మాట ప్రకారమే ప్రోగ్రాము రాశాను. తెప్ప వెళ్ళినట్టు నమోదు చేయగానే, అలవాటు చొప్పున ఎప్పుడు తిరిగి రావచ్చో లెక్కగట్టి పక్క గడిని నింపేస్తుంది. ముందుగానో ఆలస్యంగానో వస్తే తాతారావు సరిచేస్తాడు. ఆ వేళ కాగానే ఒడ్డున స్తంభానికి కట్టిన కెమెరా ఒక ఫొటో తీసి ఆ మనిషి పేరు మీద సామాన్ల గదిలో దాస్తుంది, సాక్ష్యంగా ఉంటుందని. అందరికీ చూపించాను. అందరూ మెచ్చుకున్నారు. తాతారావు ఒక్కడు తెరకు దగ్గరగా వంగి చాలాసేపు చూసి, "ఇందల పెన్సిల్ ఏదమ్మా?" అన్నాడు.

"ఇందులో దిద్దడం ఇంకా సులువు" అన్నాను.

అతను అడిగింది అది కాదని నాకు అప్పుడే తెలియాలి. లెక్కగట్టిన వేళ, కళ్ళారా చూసిన వేళ, రెండూ ఒకే గడిలో, ఒకే నలుపులో, ఒకే అక్షరాలలో కనిపించేలా చేసింది నేను. నా వృత్తిజీవితంలో అతిపెద్ద తప్పు ఉద్యోగం వదిలాక చేశాను.

ఆ శుక్రవారం

మరపడవలకు వేట నిషేధం ఉన్న రోజులు. చేతి తెప్పలు కొన్ని మాత్రమే వెళ్తున్నాయి. ఎర్రయ్యతో కలిసి రోజూ వెళ్ళేది పోలమ్మ తమ్ముడు. అతనికి ఆ వారమే ఉక్కునగరం వైపు కాంట్రాక్టు పని దొరికింది. ఎర్రయ్య ఒంటరిగా బయలుదేరాడు. తాతారావు వేకువన నమోదులన్నీ చేసి, బంధువుల పెళ్ళికి అనకాపల్లి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం దిద్దేవారు లేరు. తెర ముందు కార్యదర్శిగారు ఉన్నారు.

ఆ సాయంత్రం జరిగింది పోలమ్మ నాకు చెప్పింది. నాలుగు గంటలకు ఆమె కార్యాలయానికి వెళ్ళి, తన పెనిమిటి ఇంకా రాలేదని, రెండు తెప్పలు పంపమని అడిగింది. కార్యదర్శిగారు తెరను ఆమె వైపు తిప్పారు.

"ఇదిగో సూడు. రెండుంపావుకి ఒచ్చీసినాడు. కంప్యూటర్లో ఉంది."

"నాకు సదవడం రాదు బాబూ. ఆడు ఇంటికి రాలేదు."

"ఒడ్డుకొచ్చినోడు ఇంటికి రాలేదంటే నన్నడుగుతావేటే? ఏ కల్లు దుకానం కాడున్నాడో సూసుకో."

ఆరు గంటలకు మళ్ళీ వెళ్ళింది. మరునాడు పొద్దున్న మళ్ళీ వెళ్ళింది. ఒక్క తెప్ప కూడా వెతకడానికి కదలలేదు. రాని మనిషిని వెతుకుతారు గానీ వచ్చిన మనిషిని ఎవరు వెతుకుతారు? ఆదివారం నాడు ఉత్తరాన రెండు ఊళ్ళ అవతల ఎర్రయ్య తెప్ప ఇసక మీద దొరికింది. ఖాళీగా ఉంది. ఒడ్డుకు వచ్చినవాడు తెప్పను సరిగా కట్టకుండా పోయాడని, అది కొట్టుకుపోయిందని, అతను ఎవరితోనో లేచిపోయాడని సంఘం తేల్చింది. రెండుంపావు ఫొటోలో మనిషి లేడు కదా అని ఎవరో అడిగితే, ఫొటో కాస్త ఆలస్యంగా పడి ఉంటుందన్నారు.

జూన్ మొదటి వారంలో పోలమ్మ చిరునామా వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. చెప్పులు మెట్ల కింద వదిలి, గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఆ మిసను మీరే సేసారంట కదమ్మగోరూ. అది అబద్దమాడతాదేటి?"

"మిషను అబద్ధమాడదు పోలమ్మా" అన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు తప్పనుకున్న మాట నా నోటినుంచే వచ్చింది.

"అయితే ఆడేడీ?"

పన్నెండు గంటల నకలు

ఆమె కూర్చోలేదు. నేను లోపలికి వెళ్ళి ఆ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు మా పెట్టెలోకి వచ్చి చేరిన నకలు తెరిచాను. ఎర్రయ్య పేరు ఉంది. వెళ్ళిన వేళ ఉంది. పక్క గడిలో ఇలా ఉంది: తిరిగి వచ్చెను, 2.15.

నకలు మూసిన వేళ పన్నెండు. నేను గోడ గడియారం వైపు చూశాను, ఎందుకో తెలియదు. బయట మండే ఎండ, పక్కింటివాళ్ళు అప్పడాలు ఆరబెడుతున్నారు. నా ముందు తెర మీద ఒక మనిషి ఇంకా రెండు గంటల తరవాత చేయవలసిన పనిని అప్పటికే చేసేసి ఉన్నాడు. తరవాత తాతారావు ప్రశ్న చెవిలో పడింది. అది అతని పెన్సిలు రాత. సిరాలా కనిపించేటట్టు అచ్చువేసింది నేను.

దీన్ని పదిమందికీ చూపించాలనుకున్నాను. ఆ పన్నెండు గంటల నకలును మా పెట్టెలో ఒక వాటాగా నిలబెట్టాను. సాక్ష్యం చెడకూడదు కాబట్టి, ఎప్పుడు ఆగి మళ్ళీ మొదలైనా ఆ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచే మొదలయ్యేలా అమర్చాను. దాని గడియారం కూడా ఆ రోజుదే. ఆ వాటాలో అది తప్ప వేరే రోజు లేదు.

సీతమ్మధారలో కరెంటు పోతుంటుంది. ఎక్కువసేపు పోతే యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. కరెంటు వచ్చాక పెట్టె తనంతట తాను లేస్తుంది. లేచిన ప్రతిసారీ ఆ వాటాలో ఎర్రయ్య సముద్రం మీద ఉన్నాడు, ఇంకో రెండుంపావు గంటల్లో వస్తాడు. నేను కింద కూరలు తరుగుతున్నప్పుడు, పైన గదిలో ఫ్యాను చప్పుడు పెరిగితే, అతను మళ్ళీ బయలుదేరాడని అర్థమయ్యేది. ఆ చప్పుడుకు నేను కత్తిపీట దగ్గర చేతులు ఆపేసేదాన్ని. ఇలా రాయడానికి సిగ్గుపడుతున్నాను. అయినా జరిగింది కాబట్టి రాస్తున్నాను.

జూలై మొదటి వారంలో మా పెట్టెలోని సామాన్ల గదిని శుభ్రం చేస్తుంటే ఎర్రయ్య పేరు మీద ఉన్న సంచి బరువెక్కి కనిపించింది. అందులో ఆ శుక్రవారం తేదీ మీద, సంఘం నకళ్ళతో వచ్చిన ఒక్క ఫొటో ఉండాలి. పద్దెనిమిది అదనంగా ఉన్నాయి.

కారణం గ్రహించడానికి ఒక పూట పట్టింది. రేవు కెమెరా పనిచేస్తోందో లేదో ఇంటినుంచే చూసుకోవడానికి ఒకప్పుడు నేనే దారి వేశాను. ఆ దారి మూయడం మరిచాను. వాటాలోని గడియారం రెండుంపావు కొట్టిన ప్రతిసారీ, అది నిజమైన రేవులోని నిజమైన కెమెరాను పిలిచి, ఆ క్షణాన ఒడ్డు ఎలా ఉందో ఫొటో తీయించి, వచ్చిన మనిషి పేరు మీద దాచింది. వాటా మళ్ళీ మొదటికి పోయినా, సామాన్ల గదిలో పడినవి పోలేదు.

ఒక్కొక్కటీ తెరిచి చూశాను. వాన. ఎండ. వల మీద పడుకున్న కుక్క. ఏడింటిలో మనిషి లేడు. మిగిలిన పదకొండింటిలో నీటి అంచున ఒక్కరే నిలబడి ఉన్నారు. కెమెరాకు వీపు కనిపిస్తోంది. ఆడమనిషి.

పోలమ్మ ఫొటోలు

పోలమ్మను పిలిపించాను. చెప్పకుండా దాచే హక్కు నాకు లేదు. ఈసారి కుర్చీలో కూర్చుంది. మొదటి ఫొటో చూసి తన చీర గుర్తుపట్టింది. నాలుగు ఫొటోలు అయ్యాక తెర పైన ఉన్న అక్షరాలు చూపించి, ఏం రాసి ఉందని అడిగింది. ఎర్రయ్య అని చదివాను.

"ఇదేటమ్మగోరూ? ఆడి పేరు మీద నానున్నాను?"

వాటా, గడియారం, కరెంటు, దారి, అన్నీ విడమరిచి చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"అర్దమైనాది. మిసను పిచ్చిదైపోయి ఆడొచ్చాడనుకుని పొటో తీత్తంది. మరి అప్పుడే నానెందుకున్నానక్కడ?"

"నువ్వు రోజూ వెళ్తావు కదా పోలమ్మా."

"రోజూ ఏటమ్మా! నాను సేపల బుట్టతో ఊరంతా తిరుగుతాను. మద్దేనం బేరం ఒగ్గీసి ఎలా ఎల్తాను? ఏ పూటైనా ఉన్నట్టుండి మనసు లాగీత్తాది. ఆడొచ్చీసినట్టే అనిపిత్తాది. అప్పుడు బుట్ట ఎవురికాడైనా పెట్టి పరిగెడతాను. ఒడ్డున ఎవుడూ ఉండడు. ఒచ్చీత్తాను."

"ఎన్నిసార్లు అలా వెళ్ళావు?"

వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "పదో, పదకొండో."

నా నోటుపుస్తకంలో కరెంటు పోయిన వేళలన్నీ ఉన్నాయి. అందులో ఒక వరస లేదు, నియమం లేదు. ఆమె పరుగులకూ లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి మూడు రోజులు కూర్చున్నాను. చివరికి ఆ పేజీ కింద "కారణం తెలియదు" అని రాసి సంతకం పెట్టాను. కారణం తెలియని చోట మీరూ అలాగే రాయండి. ఏదో ఒకటి కల్పించి నింపకండి. నింపితే ఏమవుతుందో ఇప్పుడు మీకు తెలుసు.

వెళ్ళేటప్పుడు పోలమ్మ మెట్ల మీద ఆగింది. "దినం సేద్దామంటే బతికున్నోడికి దినమేటి అంటన్నారమ్మా. మా అత్త బొట్టు తీయనివ్వదు. ఈదిలో ఆడోల్లు నా బొట్టు సూసి నవ్వుతారు, ఏ ఊర్లో కాపరం పెట్టాడే నీ మొగుడూ అని. ఆడు మంచోడో సెడ్డోడో నాకు అక్కర్లేదు. సముద్రంలో పోయినోడిని లేచిపోయాడని అనకూడదు. అంతే."

ఈ ఫొటోల సంగతి నేను కార్యదర్శిగారికి చెప్పిన మరునాడే కెమెరా తీగ తెగింది.

నా వంతు

కార్యదర్శిగారు నాతో అన్న ఒక మాట న్యాయమైనది, దాన్ని దాచను. "మేడంగారూ, మిసను మీరే సేసారు, తప్పు మీదైతే మమ్మల్నడుగుతారేటి?" అన్నారు. నిజమే. ఊహను, చూసినదాన్ని ఒకే గడిలో కూర్చోబెట్టిన తప్పు నాది. పెన్సిలు గురించి అడిగిన మనిషికి రబ్బరు గురించి జవాబు చెప్పింది నేను. ఈ విషయం నా చేత్తో రాసి, సంతకం పెట్టి, ఈ కాగితాలకు జతచేశాను. ఎవరికైనా చూపించుకోవచ్చు.

కానీ ఒక స్త్రీ మూడుసార్లు వచ్చి మనిషి రాలేదని చెబితే, ఆమె ముఖం చూడకుండా తెర చూపించింది ప్రోగ్రాము కాదు. నిజం తెలిశాక కూడా ఆ గడిని అలాగే ఉంచింది ప్రోగ్రాము కాదు. గడి సరిచేస్తే, ఆ రోజు వెతకలేదని ఒప్పుకోవలసి వస్తుంది. అందుకని ఒక మనిషిని రోజూ రెండుంపావుకు ఒడ్డుకు తెచ్చి పారిపోనిస్తున్నారు.

తాతారావును సాక్ష్యం అడిగాను. భయస్థుడు. సంఘంలోనే బతకాలి. "నాను ఆ దినం లేనమ్మా, ఏటి సెప్పగలను?" అన్నాడు. కాసేపటికి తనే అన్నాడు: "లేనని రాసిత్తాను. నాను దిద్దలేదని రాసిత్తాను. అది నిజమే కదా." రాసిచ్చాడు. అదీ జతచేశాను.

కార్యదర్శిగారికి

అయ్యా,

పైన రాసినదంతా మీరు చదివినట్టుగా భావించి, ఈ కింది ప్రశ్నలకు పదిహేను రోజులలోగా, సంఘం ముద్రతో, మీ సంతకంతో, లిఖితపూర్వకమైన సమాధానం కోరుతున్నాను.

మధ్యాహ్నం పన్నెండుకు తీసిన నకలులో, అదే రోజు రెండుంపావుకు జరిగిన రాక ఎలా నమోదై ఉన్నదో వివరించండి.

ఆ రోజు సాయంత్రం నాలుగుకు, ఆరుకు, మరునాడు ఉదయం పోలమ్మ మీ వద్దకు వచ్చినది నిజమా కాదా చెప్పండి. నిజమైతే, వెతకడానికి తెప్పలు ఎందుకు పంపలేదో చెప్పండి.

ఆ గడిలో ఉన్న వేళను కొట్టివేస్తారా, లేదా చెప్పండి. కొట్టివేయకపోతే కారణం రాయండి.

చివరిది. ఎర్రయ్య ఒడ్డున దిగడం తన కళ్ళతో చూసిన ఒక్క మనిషి పేరు రాయండి. అలాంటి మనిషి లేకపోతే "ఎవరూ చూడలేదు" అని రాయండి. మిగిలిన ప్రశ్నలకు మీరు జవాబివ్వకపోయినా, ఈ రెండు మాటలు మాత్రం రాయక తప్పదు.

సమాధానాన్ని నాకు పంపవద్దు. పోలమ్మ పేరు మీద, ఆమె ఇంటికి పంపండి. ఆమెకు చదువు రాదు. ఆమె అత్తగారు, వీధివారు వినేటట్టు వాకిట్లో నిలబడి నేను చదివి వినిపిస్తాను. కాబట్టి దయచేసి మాటలు తక్కువగా, పైకి చదివితే అర్థమయ్యేటట్టుగా రాయండి.

ఇట్లు,
వి. సత్యవతి
సీతమ్మధార, విశాఖపట్నం

జతపరచినవి: పన్నెండు గంటల నకలు, పద్దెనిమిది ఫొటోలు, తాతారావు వాంగ్మూలం, నా తప్పుకు నా సంతకం.